పోళానాడు ఎడ్లు ఎవరివి?

నా ఉద్యోగమంతా నాందేడ్ జిల్లా బిలోలి తాలూకాలో, మంజీర ఒడ్డు ఊళ్లలోనే గడిచింది. మొదట తలాఠీని, అంటే ఏటి అవతలివాళ్ల మాటలో పట్వారీని. తర్వాత సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌నయ్యాను. పంచనామాలన్నీ మరాఠీలో రాశాను, పై అధికారులతో సగం ఉర్దూలో మాట్లాడాను. తిట్లు, ఏడుపులు, ఒట్లు మాత్రం తెలుగులోనే విన్నాను. అందుకే ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తున్నాను.

కొత్తగా ఈ పనిలో చేరే పిల్లలు నన్ను శిస్తు గురించి, భూమి కొలతల గురించి అడుగుతుంటారు. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. పుస్తకంలో ఒకే ఒక్క వాక్యంగా ఉండి, ఊళ్లోకి పోగానే కాళ్లకు చుట్టుకునే పని మరొకటి ఉంది. దాని పేరు భరణం వసూలు. దాని గురించి నాకు తెలిసినంత మా తహసీలులో ఎవరికీ తెలియదని చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

శిస్తుతో సమానం

భార్యాపిల్లలను వదిలేసినవాడు నెలనెలా ఇంత ఇవ్వాలని మేజిస్ట్రేటు హుకుం ఇస్తాడు. వాడు ఇవ్వడు. ఆమె మళ్లీ కోర్టు మెట్లెక్కుతుంది. అప్పుడు ఆ బాకీని భూమిశిస్తు బాకీ లాగే వసూలు చేయమని మేజిస్ట్రేటు కలెక్టరుకు వారంటు రాయవచ్చు. ఆ కాగితం కలెక్టరు కచేరీ నుంచి తహసీలుకు, అక్కడి నుంచి నా బల్ల మీదికి వచ్చేది. శిస్తు ఎగ్గొట్టినవాడి గొడ్డును తోలుకొచ్చే అధికారమే, పిల్ల తిండి ఎగ్గొట్టినవాడి మీద కూడా ఉందన్నమాట. నా నౌకరీలో నాకు నిజంగా గర్వమనిపించిన చట్టం ఇదొక్కటే.

ఏ ఊరికి పోయినా ఊరి పెత్తనం చూసే పోలీస్ పాటీలు మొదటి మాట ఇదే అనేవాడు: "ఇంటి లొల్లి సాబ్, మనకెందుకు?"

"శిస్తు కట్టకపోతె గది గూడ ఇంటి లొల్లే అని ఊకుంటమా పాటీలు?" అనేవాణ్ణి. ఆ తర్వాత చాయ్ వచ్చేది.

కోర్టుకు జైలుకు పంపే అధికారమూ ఉంది. జైలంటే మగవాళ్లు భయపడతారని మీరనుకుంటారు. కొందరికి అదే సులువు. మా తాలూకాలో ఒక కిరాణా వ్యాపారి జైలు శిక్ష ముగించుకొని నాందేడ్ బస్సు దిగి, పీడ వదిలిందని దుకాణం ముందు పేడాలు పంచాడు. జైల్లో కూర్చుంటే శిక్ష తీరుతుంది గానీ పిల్ల కడుపు నిండదు, బాకీ బాకీలాగే ఉంటుంది. మేము పోయి ఆయన చక్కెర బస్తాల మీద చేయి వేసేసరికి ఆ పేడా ఆయన గొంతులోనే ఆగింది. దుకాణం ఉన్నవాడితో పని తేలిక. జీతగాడితో ఇంకా తేలిక. ఇంట్లో అన్నీ ఉండి తన పేరు మీద ఏమీ లేని రైతే అసలు పరీక్ష.

బిందె అడుగు చూడండి

మా పక్క సర్కిల్ మనిషి ఒకాయన ఉండేవాడు. హడావుడి ఎక్కువ. దెగ్లూర్ వైపు ఒక ఊళ్లో జప్తికి పోయి, భర్త ఇంట్లో ఉన్న ఇత్తడి బిందెలు, గంగాళం, తాంబాళం అన్నీ బండికెక్కించి చావడి ముందు వేలం పెట్టాడు. కొనడానికి వచ్చిన ఒక ముసలామె బిందెను తిరగేసి చూసి, "ఇది వాని సొమ్మెట్లయితది సాబ్? దీని మీద పిల్ల నాయిన పేరున్నది" అన్నది. మా దగ్గర పెళ్లిలో పెట్టే పాత్రల మీద పెట్టినవాళ్ల పేరు చెక్కిస్తారు. ఆ పిల్లకు పుట్టింటివాళ్లు పెట్టిన సామాను అమ్మి, ఆ పిల్లకే భరణం ఇవ్వబోయాడు మావాడు. వేలం ఆగిపోయింది. ఊరు ఊరంతా వారం రోజులు నవ్వింది.

జప్తి చేసే ముందు ఆ వస్తువు ఎవరిదో కళ్లతో చూడాలి. దున్నే ఎడ్లను, నాగలిని, విత్తనాలను ముట్టకూడదు. ఇది మీకు ఎవరైనా చెబుతారు. ఎవరూ చెప్పనిది మా పాత నాయబ్ తహసీల్దార్ సాబ్ చెప్పారు. ఆయన నిజాం కాలంలో నౌకరీలో చేరినవారు, పాన్ నమలకుండా ఒక్క సంతకం కూడా పెట్టేవారు కాదు. "జేబ్ మత్ దేఖో మియా, మూఛ్ దేఖో" అనేవారు. వాడి జేబు కాదు, మీసం చూడమని. పైసలు ఎక్కడైనా దాస్తాడు, మీసాన్ని దాచలేడని ఆయన లెక్క.

ఆ లెక్క నిజమో కాదో నాకు గంగారాం దగ్గర తెలిసింది.

గంగారాంకు ఏమీ లేదు

డెబ్బై నాలుగులో కొత్త క్రిమినల్ కాయిదా, అంటే చట్టం, వచ్చిన తర్వాతి సంగతి. సాయవ్వ అనే ఆమె తరఫున ఒక వారంటు నా దగ్గరికి వచ్చింది. ఆమె భర్త గంగారాం ఆస్తిపరుల ఇంటి పెద్దకొడుకు. రెండో ఆమెను తెచ్చుకొని, అడ్డం మాట్లాడిందని సాయవ్వ చేయి విరగ్గొట్టాడు. ఎముక సరిగా అతుక్కోలేదు. ఆ చేత్తో ఆమె బిందె ఎత్తలేదు. చిన్న బిడ్డను తీసుకొని, నాలుగు కోసుల అవతల ఉన్న అన్న ఇంటికి చేరింది.

బిలోలి బజారు రోజున వచ్చి కచేరీ వరండాలో కూర్చునేది. ఏడ్చే రకం కాదు. ఒకనాడు నేను బయటికి రాగానే లేచి నిలబడి చెప్పింది:

"అన్న దసర దాకనే జూస్తడట సాబ్. గంతల పైసలు రాకుంటె మమ్ముల మల్ల గాడికే తోలిస్తడట. మా వదిన రొట్టె ఏసినప్పుడల్ల తేరగ తింటున్నరు అంటది. మీ సర్కారు పేరు జెప్పి ఇన్నొద్దులు ఆపుకుంట అచ్చిన. ఇగ ఆగెటట్టు లేదు."

ఇది చిన్న మాట కాదు. ఆమె తిరిగి ఆ గడప తొక్కితే కోర్టు హుకుం అంతటితో నిలిచిపోతుంది. రెండో చేయి కూడా విరిగితే అడిగే దిక్కుండదు.

"గంగారాం ఊర్ల డప్పు గొట్టిచ్చి జప్తి జేస్త. నువ్వు ధైర్నంగ ఉండు" అన్నాను.

"మా అన్న ఊర్ల గూడ గొడ్తరా సాబ్?"

"గా ఊర్ల ఎవలు బాకీ ఉన్నరు?"

"ఎవలు లేరు" అని ఊరుకుంది. ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో నాకప్పుడు తట్టలేదు.

వారం తిరగకుండా గంగారాం ఊరికి పోయాను. తెల్లటి ధోతి, మెలితిప్పిన మీసం, గొంగడి పరిచి కూర్చోబెట్టే మర్యాద, అన్నీ ఉన్నాయి.

"నాదేమున్నది సర్కల్ సాబ్? భూమి నాయినది. ఇల్లు నాయినది. దున్నే ఎడ్లు నాయినవి. ఈ ధోతి ఒక్కటి నాది. గావాలంటె ఇడ్సిస్త, పట్కపో" అన్నాడు. చుట్టూ మూగినవాళ్లు గొల్లున నవ్వారు. ఉమ్మడి భూమిలో వాటా తేల్చి అమ్మించవచ్చు గానీ, అది తేలేసరికి సాయవ్వ బిడ్డకు మనవలు పుడతారు.

అప్పుడు కొట్టం వైపు చూశాను. ఎర్రటి కంధారి జాతి జోడి. నాగలి ముఖం ఎరగని ఎడ్లు, ఒంటి మీద చేయి వేస్తే జారేటట్టున్నాయి. గంగారాం వాటిని జాతరలో బండి పందేల కోసం కొని పెంచుకుంటున్నాడని తాలూకా అంతటికీ తెలుసు. పందెపు ఎడ్లు దున్నే ఎడ్లు కావు. వాటిని జప్తి చేయవచ్చు.

"మరి గవి ఎవలియి?"

గంగారాం కొట్టం వైపు తిరిగాడు. తర్వాత గట్టిగా, "గవి నా తమ్మునియి. ఏం పోశెట్టీ?" అన్నాడు.

తమ్ముడు పోశెట్టి ఎడ్లకు గడ్డి వేస్తున్నాడు. నోట్లో నాలుక లేని మనిషని పేరు. అన్న వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఔ సాబ్, నాయే" అన్నాడు. మంచంలో ఉన్న ముసలి తండ్రి తల ఊపాడు. పంచులుగా, అంటే సాక్షులుగా, సంతకం పెట్టమంటే ఊరివాళ్లు ఒకడి వెనక ఒకడు నక్కారు. నేను వాదించలేదు. "జోడి నా తమ్ముడు పోశెట్టిది, నాకు సంబంధం లేదు" అన్న గంగారాం మాటను జబాబుగా, అంటే వాంగ్మూలంగా, రాసుకొని, అతని సంతకమే తీసుకొని వచ్చేశాను.

మా కొత్త తహసీల్దారు సాబ్ పుణె వైపు కుర్రవాడు. మనిషి మంచివాడే గానీ తొందర. ఖాళీ చేతులతో ఎందుకు వచ్చారని కోప్పడ్డాడు. పోళ దాకా ఆగమన్నాను. పండుగకూ వసూలుకూ ఏమిటి సంబంధమన్నాడు. చెప్పాను.

పోళ

శ్రావణ అమావాస్య మా దగ్గర ఎడ్ల పండుగ. ముందురోజు రాత్రి కాడి మోసిన మెడలకు నెయ్యీ పసుపూ రాస్తారు. తెల్లారి కడిగి, కొమ్ములకు రంగులు వేసి, వీపున జూలు అనే అలంకారపు గుడ్డ కప్పి, పోలెలు, అంటే బొబ్బట్లు, తినిపిస్తారు. పొద్దు వాలాక ఊళ్లోని ఎడ్లన్నీ ఊరి ముంగట కట్టిన తోరణం కింది నుంచి పోయి హనుమాన్ గుడి చుట్టూ తిరుగుతాయి. అందరికంటే ముందు పోయేది మానపు జోడి, అంటే ఊరు తొలి మర్యాద ఇచ్చే ఎడ్లు. దాని పగ్గం పట్టినవాడికి పాటీలు నలుగురిలో రుమాలు చుట్టి కొబ్బరికాయ ఇస్తాడు. ఆ ఊళ్లో ఆ మానం గంగారాం ఇంటిది. తండ్రి కాళ్లు పడిపోయినప్పటి నుంచి పగ్గం గంగారాందే. అక్కడ ఒకడి ఎడ్లను ఇంకొకడు పట్టడు. పట్టినవాడే యజమాని, దానికి కాగితం అక్కర్లేదు.

నా ఆలోచన తేలికైనది. పండుగనాడు ఎడ్ల మీద చేయి వేయను. గంగారాం పగ్గం పట్టి తోరణం దాటితే ఊరంతా సాక్ష్యం, తెల్లారి జప్తి. పట్టకపోతే మీసం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మీసం ఉన్నవాడు పగ్గమే పడతాడని నేను ఖాయంగా అనుకున్నాను.

పోళానాడు పోయి హనుమాన్ గుడి అరుగు మీద అందరికీ కనబడేలా కూర్చున్నాను. డప్పులు మొదలయ్యాయి. కంధారి జోడిని తీసుకొని గంగారాం వచ్చాడు. కొత్త ధోతి, మీసానికి నూనె. తోరణం దగ్గరికి వచ్చేసరికి నన్ను చూశాడు. డప్పులు మోగుతూనే ఉన్నాయి, ఎడ్లు ముందుకు లాగుతున్నాయి, అతను కదలడం లేదు.

"నడువు గంగారాం, పొద్దు పోతున్నది" అన్నాడు పాటీలు.

గంగారాం వెనక్కి తిరిగి, "పోశెట్టీ, ఇగ పట్టు" అని పగ్గం తమ్ముడి చేతిలో పెట్టాడు. నా వైపు చూసి నవ్వాడు కూడా. జనంలో గుసగుస పుట్టింది. పోశెట్టి పగ్గం పట్టాడు. మొదట తల వంచుకొని నడిచాడు. గుడి చుట్టూ తిరిగి వచ్చేసరికి తల ఎత్తాడు. పాటీలు అతని తలకు రుమాలు చుట్టాడు.

నా లెక్క తప్పింది. మర్నాడు కచేరీలో తహసీల్దారు సాబ్, "చూశారా మీ పండుగ?" అన్నాడు. అది పర్వాలేదు. బజారు రోజున సాయవ్వ వచ్చింది. సంగతి ఆమెకు అప్పటికే తెలుసు. "గయితె మేము పోవుడేనా సాబ్?" అని అడిగింది. "దసర ఇంక రాలేదు గద" అన్నాను.

"ఎడ్లు నాయే, రాసుకో!"

నేను లెక్కలో వేసుకోనిది పోశెట్టిని. నోట్లో నాలుక లేని మనిషికి తలమీద రుమాలు చుడితే ఏమవుతుందో నేనూ ఊహించలేదు, గంగారాం అసలే ఊహించలేదు.

ఒకనాడు పొద్దున్నే గంగారాం కచేరీ మెట్ల మీద ప్రత్యక్షమయ్యాడు. తలకు రుమాలు లేదు, మీసం కిందికి వాలింది.

"సర్కల్ సాబ్, నా ఎడ్లు పోయినయ్!"

"నీకెక్కడియి గంగారాం ఎడ్లు? నీది ఒక్క ధోతే గద."

"గట్లనకు సాబ్. పోశెట్టి గాడు జోడిని అత్తగారింటికి తోలుకపోయిండు. దెగ్లూర్ బేపారికి అమ్ముతడట. ఏందిరా అంటె, నువ్వే సర్కారుకు రాసిచ్చినవ్ గద అన్నా, నా సొమ్ము నా ఇష్టం అంటుండు!"

"నిజమే గద. సంతకం గూడ నీదే."

"గది అబద్ధం సాబ్! జాతరల నేను గొన్న. ఎడ్లు నాయే. నాయే అని రాసుకో!"

నవ్వు ఆపుకోవడానికి నేను కిటికీ వైపు తిరగాల్సి వచ్చింది. "నీ ఒక్కని మాటతోని కాదు. మొదాలు వేరే రాసిచ్చినవ్. పంచులు గావాలె, మీ నాయిన గావాలె" అన్నాను.

మర్నాడు గంగారాం తన బండిలో తండ్రిని మంచంతో సహా తెచ్చాడు. నాకు ఒక్క సంతకం పెట్టడానికి నక్కిన పెద్దమనుషులనే తెచ్చాడు. వాళ్లకు దారిలో హోటలులో భజ్జీలు కూడా తినిపించాడట. జోడి గంగారాందేనని అందరూ ఒక్క గొంతుతో చెప్పి వేలిముద్రలు, సంతకాలు పెట్టారు. పోశెట్టిని కూడా పిలిపించాను. తండ్రి ముఖం చూసి అతను తగ్గాడు.

"ఎడ్లు అన్నయే సాబ్. పోళనాడు మానం మాత్రం ఊరు నాకిచ్చింది. గది నాతోనే ఉంటది" అన్నాడు.

"ఉంచుకో" అన్నాడు గంగారాం విసుగ్గా. ఎడ్లు తనవని తేలితే చాలు ఆ క్షణంలో అతనికి. నేను కలం మూసి, "గంగారాం, ఎడ్లు నీయే. సర్కారు ఒప్పుకున్నది. ఇగ సాయవ్వ బాకీ కింద ఆ ఎడ్లు జప్తి" అన్నాను. అతని ముఖంలోకి ఆ మాట దిగడానికి కాస్త సమయం పట్టింది. పంచుల్లో ఒకాయన నోట్లో భజ్జీ ఉందేమో, దగ్గు ఆగలేదు.

జోడిని తెప్పించి పోలీస్ పాటీలు జిమ్మాలో, అంటే అతని పూచీ మీద, పెట్టాం. ఊళ్లో డప్పు కొట్టించి వేలం రోజు చాటించాం. ఆ రోజు రాకముందే గంగారాం వచ్చి బాకీ మొత్తం కట్టేశాడు. ఎక్కడి నుంచి తెచ్చాడో నేనడగలేదు. ఆ తర్వాత కూడా నెలలు తప్పకుండా కట్టాడు. కట్టకపోతే ఆ ఎడ్లు ఎవరివో ఇప్పుడు కాగితం మీద ఉంది కదా. ఎడ్లు ఇంటికి తిరిగి వచ్చాయి గానీ మరుసటి ఏడు పోళకు పగ్గం పోశెట్టే పట్టాడని విన్నాను.

పిల్లలూ, ఇందులో నా తెలివి సగమే. పోళానాడు నా లెక్క తప్పిందని ముందే ఒప్పుకున్నాను. కానీ మొదటిరోజు ఎగతాళి చేసినప్పుడు కోపానికి పోకుండా అతని అబద్ధాన్ని అతని చేతే రాయించి తెచ్చాను చూడండి, ఆ పని మాత్రం సరిగా చేశాను. అబద్ధాన్ని మీరు కొట్టివేయనక్కర్లేదు. దాని మీద సంతకం తీసుకుంటే చాలాసార్లు వాడే దాన్ని మోయలేక మీ దగ్గరికి వస్తాడు.

సాయవ్వ డప్పు

దసరాకు ఇంకా రోజులుండగానే సాయవ్వ తహసీలులో వేలిముద్ర వేసి పైసలు తీసుకుంది. బిడ్డ పక్కన నిలబడి ఉంది. పైసలు కొంగున ముడివేసుకొని కూడా ఆమె కదలలేదు.

"ఇంకేంది సాయవ్వ?"

"జప్తికి డప్పు గొడ్తరు గద సాబ్. ఇచ్చినందుకు ఎందుకు గొట్టరు?"

తహసీల్దారు సాబ్‌కు మరాఠీలో చెప్పాను. ఆయన నవ్వి, అలాంటి నియమం ఎక్కడా లేదన్నాడు. వద్దనే నియమం కూడా లేదు సాబ్ అన్నాను. ఆయన కాసేపు ఆమె వంకర చేయి వైపు చూశాడు. "నేనేమీ వినలేదు, మీరు పోయి రండి" అని ఫైల్లో తల దూర్చాడు. ఆయన మీద నాకు ఆ రోజు నుంచే గౌరవం కలిగింది.

ఆమె అన్న ఊరికి పోయి కోత్వాల్ మారుతిని పిలిచాను. ఊరి చాటింపులన్నీ అతనివే. ఏమని చాటాలని అతను నన్నడిగాడు, నేను సాయవ్వ వైపు చూశాను. ఆమె ఈ మాటల కోసం ఎన్నాళ్ల నుంచి కాచుకొని ఉందో, తడుముకోకుండా చెప్పింది. మారుతి చావడి నుంచి మొదలుపెట్టి గల్లీ గల్లీ తిరిగాడు. వెనక సాయవ్వ, ఆమె బిడ్డ, వాళ్ల వెనక నేను. చివరికి అన్న ఇంటి ముందు నిలబడి గట్టిగా కొట్టాడు.

"ఇనుండ్రయ్యో ఇనుండ్రి! సాయవ్వకు, సాయవ్వ బిడ్డకు మొగని కాడికెళ్లి అచ్చే సొమ్ము సర్కారు వసూలు జేసి ఇచ్చింది! ఇగ నెలనెల అస్తది! సాయవ్వ ఎవల ఇంట్ల తేరగ తింటలేదహో!"

అన్న బయటికి వచ్చి, నన్ను చూసి చేతులు కట్టుకొని నిలబడ్డాడు. దసరా మాట ఎత్తలేదు. మారుతి డప్పు భుజానికి వేసుకుంటూ, "అయిపాయె గదా అక్కా?" అన్నాడు.

సాయవ్వ ఇంట్లోకి తొంగిచూసి, మళ్లీ వీధిలోకి వచ్చింది.

"కాలె తమ్మీ. మా వదిన నీళ్లకు పోయిందట, ఇనలె. ఆమె రానీ, మల్లొక్కసారి కొట్టు."